సెల్ఫ్ తిరుగుతోంది, బండి అందుకోవట్లేదు! పార్టు మార్చేముందు ఏం చూడాలి?

చిల్లకల్లు టోల్ ప్లాజా దాటాక హైవే వారన క్యాబిన్ పైకెత్తిన లారీ ఒకటి, దాని కింద నుంచి కాళ్ళు మాత్రమే కనిపించే మనిషి ఒకరు. జగ్గయ్యపేట, నందిగామ మధ్య తిరిగేవాళ్ళకు ఇది రోజూ చూసేదే. విజయవాడ-హైదరాబాద్ 65వ నంబరు జాతీయ రహదారి ఈ రెండు ఊళ్ళకూ అన్నం పెడుతోంది. సిమెంటు, సున్నపురాయి, మిర్చి, పత్తి, ఏది కదలాలన్నా లారీయే. లారీల వెనకాలే టైర్ల షాపులు, బ్యాటరీ షాపులు, సెల్ఫ్-డైనమో వైండింగ్ చేసేవాళ్ళు, పంపు-నాజిల్ పనివాళ్ళు. చాలా ముస్లిం కుటుంబాల్లో పానా పట్టిన చెయ్యి ఒకటైనా ఉంటుంది. షెడ్డు భాషే ఆ సంగతి చెబుతుంది. ఉస్తాద్, షాగిర్ద్, పానా, పేచ్‌కస్... మెకానిక్ ఎవరైనా సరే, అక్కడ వినిపించే మాటలు ఇవే.

ఇంట్లో మెకానిక్ ఉన్నా లేకపోయినా, బండి స్టార్ట్ కాని రోజున జరిగేది ఒకటే. నలుగురు చేరతారు, నాలుగు మాటలు చెబుతారు. ఒకరు ‘బ్యాటరీ పోయింది’ అంటారు, ఇంకొకరు ‘కాదు భాయ్, పంపు పోయింది’ అంటారు. సాయంత్రానికి ఏదో ఒక కొత్త పార్టు బిగిస్తారు. బండి స్టార్ట్ అయితే సరే, కాకపోతే ఆ డబ్బు పోయినట్టే. బిగించి విప్పిన ఎలక్ట్రికల్ సామాను వాపసు తీసుకునే షాపు దొరకడం కష్టం. ఫైనాన్స్ కిస్తీ మాత్రం తేదీకి కట్టాల్సిందే. కొత్త రకం డీజిల్ బండికి నాలుగు ఇంజెక్టర్లూ మార్చాలంటే చిన్న ఓనరుకు నెలల సంపాదన పోతుంది. తీరా చూస్తే అసలు దోషం ఒక రాగి వాషర్‌దో, పగుళ్ళిచ్చిన రబ్బరు పైపుదో అయి ఉంటుంది. ఇందులో తప్పంతా పనివాడిదే అనడానికి లేదు. బండి ఎలా ఆగింది, ఆగేముందు ఏం చేసింది అన్నది ఓనరు సరిగా చెప్పకపోతే ఎంత మంచి ఉస్తాద్ అయినా ఊహ మీదే పని మొదలుపెడతాడు.

‘స్టార్ట్ కావట్లేదు’ అనే ఒక్క మాటలో మూడు వేర్వేరు జబ్బులు దాగి ఉన్నాయి. తాళం తిప్పితే సెల్ఫ్ అసలు తిరగకపోవడం ఒకటి. సెల్ఫ్ చురుగ్గా తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోవడం రెండోది. స్టార్ట్ అయి కాసేపటికే, లేదంటే దారి మధ్యలో ఆగిపోవడం మూడోది. మొదటిది కరెంటు సంగతి, డీజిల్‌తో దానికి పనిలేదు. రెండోది, మూడోది ఎక్కువగా ఆయిల్ వచ్చే దారికి సంబంధించినవి. ఫోనులో మెకానిక్‌కు ఈ తేడా ఒక్కటి సరిగా చెప్పినా అతను సంచిలో పెట్టుకుని వచ్చే సామాను మారిపోతుంది.

సెల్ఫ్ తిరగకపోతే

హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పండి. లైట్లు ఒక్కసారిగా మందగించి ‘టకటకటక’ అని చప్పుడొస్తే బ్యాటరీలో చార్జింగ్ లేదు, లేదంటే టెర్మినళ్ళు సరిగా పట్టుకోవడం లేదు. లైట్లు బాగానే వెలుగుతూ ‘టక్’ అని ఒక్కసారి కొట్టి ఊరుకుంటే సెల్ఫ్ మోటారునూ దాని సోలినాయిడ్‌నూ చూడాలి. ఏ చప్పుడూ లేదు, లైట్లు మాత్రం నిండుగా ఉన్నాయంటే తాళం స్విచ్చి, రిలే, ఫ్యూజు, సెల్ఫ్‌కు వచ్చే సన్న వైరు వంతు. ఆటోమేటిక్ గేరు కారైతే లివర్ పార్కింగ్‌లో గానీ న్యూట్రల్‌లో గానీ లేకపోయినా సెల్ఫ్ తిరగదు. కొన్ని మాన్యువల్ కార్లలో క్లచ్ పూర్తిగా తొక్కాలి. ఇది తెలియక టో వ్యాన్‌ను పిలిపించుకున్నవాళ్ళూ ఉన్నారు.

కొత్త బ్యాటరీ కొనేముందు టెర్మినళ్ళ మీద తెల్లగా, పచ్చగా పేరుకున్న పొడిని చూడండి. నెగెటివ్ వైరు ముందు విప్పి, వేడినీళ్ళలో వంటసోడా కలిపి కడిగి, గీకి బిగిస్తే చాలా బళ్ళు అక్కడే స్టార్ట్ అవుతాయి. లారీల్లో ఇంజిన్ నుంచి ఛాసిస్‌కు పోయే ఎర్త్ పట్టీ తుప్పు పట్టినా ఇదే తంతు. మల్టీమీటర్ ఉంటే పని ఇంకా సులువు. బండి ఆపి కొన్ని గంటలయ్యాక మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. 12కు తగ్గితే అది దాదాపు ఖాళీ. సెల్ఫ్ తిరిగేటప్పుడు తొమ్మిదిన్నర కంటే కిందికి పడిపోతే బ్యాటరీ బలహీనం. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య లేకపోతే డైనమో చార్జింగ్ ఇవ్వడం లేదని అర్థం. అప్పుడు బ్యాటరీ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు సెలవు మీద వచ్చినప్పుడే బయటికి తీసే కార్ల సంగతి వేరే. నెలల తరబడి కదలకపోతే బ్యాటరీ దానంతట అదే దిగిపోతుంది, ఎలుకలు ఇంజిన్ దగ్గర వైర్లు కొరుకుతాయి. వారానికోసారి ఇంట్లో ఎవరైనా స్టార్ట్ చేసి రెండు నిమిషాల్లో ఆపేస్తే సరిపోదు. సెల్ఫ్ వాడుకున్న చార్జింగే అంత సేపట్లో తిరిగి రాదు. కనీసం అరగంట రోడ్డు మీద నడపాలి. అది కుదరదంటే నెగెటివ్ టెర్మినల్ విప్పి పెట్టడం మేలు.

హైవే మీద ఒక పెద్ద పొరపాటు తరచూ జరుగుతుంటుంది. కారు ఆగిపోతే దయగల లారీ డ్రైవరు ఎవరో ఆగి వైర్లు కలిపి స్టార్ట్ చేయిస్తానంటాడు. కారుకు 12 వోల్టులు, పెద్ద లారీకి రెండు బ్యాటరీలు వరసగా కలిపిన 24 వోల్టులు. లారీ రెండు బ్యాటరీల కొసల నుంచి కారుకు కలిపితే కారులోని కంప్యూటర్లు కాలిపోయే ప్రమాదం ఉంది. సాయం ఇంకో కారు నుంచే తీసుకోండి. ఎర్ర వైరు ఎర్ర దానికి కలిపాక, నల్ల వైరు రెండో కొసను దిగిన బ్యాటరీకి కాకుండా ఇంజిన్ ఇనుముకు తగిలించాలి. బ్యాటరీ దగ్గర నిప్పురవ్వ లేస్తే అందులోంచి వచ్చే గ్యాసు పేలవచ్చు.

పొగ చెప్పే మాట

సెల్ఫ్ బాగా తిరుగుతోంది, ఇంజిన్ మాత్రం అందుకోవట్లేదు. ఇక్కడే డబ్బు ఎక్కువగా వృథా అవుతుంది.

డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్గు ఉండదు. పిస్టన్ గాలిని బలంగా నొక్కితే ఆ గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. సరిగ్గా ఆ క్షణంలో నాజిల్ డీజిల్‌ను సన్నటి తుంపరగా చిమ్మితే అదే అంటుకుంటుంది. అంటే కావాల్సినవి మూడు: తగినంత గాలి, దాన్ని నొక్కే కంప్రెషన్, సరైన వేళకు డీజిల్. ఈ మూడింట్లో ఏది తక్కువైందో సైలెన్సర్ దగ్గర నిలబడితే కొంత తెలుస్తుంది.

ఒకరు సెల్ఫ్ కొడుతుంటే ఇంకొకరు పొగ చూడాలి. పొగ అసలు రావట్లేదంటే డీజిల్ సిలిండర్ దాకా చేరడం లేదు. తెల్లటి పొగ, దానితో ఘాటైన పచ్చి డీజిల్ వాసన వస్తే డీజిల్ చేరుతోంది కానీ మండటం లేదు: హీటర్ ప్లగ్గులు, టైమింగ్, కంప్రెషన్ చూడాలి. నల్లటి పొగ వస్తే డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ. జయంతిపురం, ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీల వైపు తిరిగే బళ్ళకూ, పత్తి, మిర్చి సీజన్‌లో పొలాల బాట పట్టే బళ్ళకూ ఎయిర్ ఫిల్టర్ కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్ల కంటే చాలా ముందే మూసుకుపోతుంది. ఆ పుస్తకం రాసినవాళ్ళు సిమెంటు దుమ్ము చూసి రాయలేదు.

పొగ రావట్లేదనగానే పంపు విప్పకండి. పాత లారీల్లో ఇంజిన్ ఆపడానికి లాగే కేబుల్ సగంలో ఇరుక్కుని ఉండొచ్చు. రోటరీ పంపు ఉన్న పాత జీపులు, వ్యాన్లలో పంపు మీద చిన్న స్టాప్ సోలినాయిడ్ ఉంటుంది. తాళం వేసినప్పుడు అది ‘టిక్’ అనాలి. అనకపోతే దానికి కరెంటు వస్తోందో లేదో చూడండి. ఒక్క వైరు ఊడినా పంపులోకి డీజిల్ చుక్క రాదు.

సెల్ఫ్‌ను ఒక్క దఫా 10, 15 సెకన్ల కంటే ఎక్కువ కొట్టకూడదు. మధ్యలో కనీసం ఒక నిమిషం ఆగాలి. ఆగకుండా కొట్టడం వల్ల పొద్దున డీజిల్ సమస్యగా ఉన్నది మధ్యాహ్నానికి బ్యాటరీ, సెల్ఫ్ సమస్య కూడా అయి కూర్చుంటుంది.

గాలి ఎక్కడి నుంచి దూరింది?

డీజిల్ బళ్ళలో అతి ఎక్కువగా జరిగేది, అతి ఎక్కువగా పొరబడేది ఇదే. షెడ్డు మాటలో ‘ఎయిర్ పట్టింది’ అంటారు. డీజిల్ ద్రవం, నొక్కితే నలగదు. గాలి నలుగుతుంది. పైపులో గాలి బుడగ ఉంటే పంపు ఎంత తోసినా ఆ బుడగ దగ్గరకు కుంచించుకుపోతుంది తప్ప నాజిల్ తెరుచుకునేంత ఒత్తిడి పుట్టదు.

ఇక్కడ ఒక విషయం అర్థమైతే సగం పని అయినట్టే. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న పైపులో డీజిల్‌ను తోయడం ఉండదు, లాగడం ఉంటుంది. స్ట్రాతో షర్బత్ తాగినట్టు. స్ట్రాకు మధ్యలో చిల్లి పడితే షర్బత్ బయటికి కారదు, నోట్లోకి గాలి వస్తుంది. అలాగే ఈ భాగంలో పైపు పగిలినా, క్లిప్పు వదులైనా ఇంజిన్ నడిచేటప్పుడు కింద ఒక్క చుక్క డీజిల్ కారకపోవచ్చు, కానీ గాలి దూరుతూనే ఉంటుంది. ‘ఎక్కడా లీకు లేదు, పంపే పోయి ఉంటుంది’ అన్న తీర్పు పుట్టేది ఇక్కడే. ఫీడ్ పంపు దాటాక అంతా ఒత్తిడే. అక్కడ లీకుంటే తడి కనబడుతుంది. కాబట్టి డీజిల్ తడి కనిపిస్తే పంపు తర్వాత, కనిపించకుండా గాలి వస్తుంటే పంపుకు ముందు వెతకాలి.

రాత్రి ఆపిన బండి పొద్దున ఆలస్యంగా స్టార్ట్ అయి, ఆ తర్వాత రోజంతా మామూలుగా నడిస్తే అనుమానం దీని మీదకే పోవాలి. రాత్రంతా చిన్న సందులోంచి గాలి దూరి, పైపులోని డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది. ముందు చక్రాలు ఎత్తులో ఉండేలా ఆపినప్పుడు ఇది ఎక్కువ, పల్లానికి ఆపితే తక్కువ. రెండు రాత్రులు రెండు రకాలుగా ఆపి చూస్తే ఖర్చు లేకుండా సంగతి బయటపడుతుంది. ఇంకో పరీక్ష: ఫిల్టర్‌కు ముందు ఒక జానెడు పారదర్శక డీజిల్ పైపు తాత్కాలికంగా వేసి బండి స్టార్ట్ చేయాలి. బుడగలు వరసగా పోతుంటే గాలి ట్యాంకు వైపు నుంచే వస్తోంది. అప్పుడు ట్యాంకు పైపు తీసేసి, శుభ్రమైన క్యానులోని డీజిల్‌ను నేరుగా ఫీడ్ పంపుకు ఇచ్చి చూస్తారు. బండి బాగా నడిస్తే పంపు, నాజిల్స్ నిర్దోషులు. దోషం ట్యాంకుకూ పంపుకూ మధ్య ఉన్న పైపుల్లోనే ఉంది.

వెతకాల్సిన చోట్లు పెద్దవేం కావు. ఫిల్టర్ మార్చినప్పుడు సరిగా కూర్చోని రబ్బరు రింగు. రెండోసారి వాడిన రాగి వాషర్. ఎండకు గట్టిపడి సన్నటి పగుళ్ళిచ్చిన రబ్బరు పైపు. మే నెలలో 45 డిగ్రీల దాకా కాగే ఈ మెట్ట ప్రాంతంలో రబ్బరు త్వరగా ముసలిదవుతుంది. చేతి పంపు వాల్వు కూడా కొన్నిసార్లు కారణం. ఫిల్టర్ మార్చిన రెండో రోజే బండి మొరాయిస్తే వేరే ఎక్కడా వెతకక్కర్లేదు, ఆ ఫిల్టర్ దగ్గరికే వెళ్ళాలి.

గాలి తీయడం పాత పంపు బళ్ళలో డ్రైవర్లందరికీ తెలిసిన పనే. ఫిల్టర్ మీది స్క్రూ కొద్దిగా వదులు చేసి, చేతి పంపు కొడుతూ బుడగలు ఆగి నిండు డీజిల్ వచ్చేదాకా ఉండి, పంపు కొడుతుండగానే బిగించాలి. తర్వాత పెద్ద పంపు దగ్గర మళ్ళీ అదే. అయితే గాలి తీశాక బండి నడిచి, మర్నాడు మళ్ళీ మొరాయిస్తే జబ్బు తగ్గనట్టే. చాలామంది రోజూ పొద్దునే చేతి పంపు కొట్టుకుంటూ నెలలు గడిపేస్తారు. గాలి దూరే చోటు మూయకుండా గాలి తీయడం పడవలో చిల్లి మూయకుండా నీళ్ళు తోడడమే.

దారిలో ఆగిపోయే బండి

గంటసేపు బాగా నడిచి, మెల్లగా పికప్ తగ్గి, ఆగిపోయి, పది నిమిషాలు ఆగితే మళ్ళీ స్టార్ట్ అయ్యే బండి మెకానిక్‌ను బాగా తిప్పలు పెడుతుంది. ఎందుకంటే షెడ్డుకు తెచ్చేసరికి అది చక్కగా నడుస్తుంది. ముందు ట్యాంకు మూత తీయండి. ‘సుయ్’ మంటూ గాలి లోపలికి పీల్చుకుంటే ట్యాంకుకు గాలి వెళ్ళే రంధ్రం మూసుకుపోయింది. డీజిల్ తగ్గిన కొద్దీ లోపల శూన్యం ఏర్పడి పంపు లాగలేకపోతోంది. మూత వదులుగా పెట్టి కొంత దూరం నడిపితే రుజువైపోతుంది. అది కాకపోతే ట్యాంకు అడుగున జాలీకి చెత్త అడ్డుపడటం. బండి నడుస్తుంటే చెత్త వచ్చి జాలీకి అతుక్కుంటుంది, ఆపగానే విడిపోయి కిందికి దిగుతుంది.

సరిహద్దు గరికపాడు చెక్‌పోస్టు దగ్గరే. ఏ రాష్ట్రంలో డీజిల్ ధర తక్కువైతే ఆ వైపు కొట్టించుకుందామని ట్యాంకు అడుగంటేదాకా నడిపే అలవాటు చాలామందికి ఉంది. లీటరుకు మిగిలేది కొంచెమే, కానీ ట్యాంకు అడుగున ఏళ్ళ తరబడి పేరుకున్న మడ్డి, నీరు నేరుగా ఫిల్టర్‌లోకి వెళ్తాయి.

వేడెక్కాక ఉన్నట్టుండి, పికప్ తగ్గకుండానే ‘టప్’ మని ఆగి, చల్లారాక స్టార్ట్ అయితే అది డీజిల్ దారి కాకపోవచ్చు. క్రాంక్ సెన్సర్ వేడికి పనిచేయడం మానేస్తే ఇలాగే జరుగుతుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆర్‌పీఎం ముల్లు కాస్తయినా కదులుతోందా చూడండి. అస్సలు కదలకపోతే ఆ సెన్సర్‌ను ముందు పరీక్షించమనాలి.

కామన్ రైల్: కోడ్ చెప్పేది తీర్పు కాదు

2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 ప్రమాణాలు వచ్చాయి. ఇప్పుడు రోడ్డెక్కుతున్న డీజిల్ బళ్ళు దాదాపు అన్నీ కామన్ రైల్ రకమే. కారు టైరులో ఉండే ఒత్తిడి రెండు బార్లకు కాస్త ఎక్కువ. ఈ ఇంజిన్ల రైల్‌లో అది 1600 నుంచి 2000 బార్ల దాకా వెళ్తుంది. కాబట్టి పాత లారీల్లో చేసినట్టు ఇంజిన్ తిరుగుతుండగా నాజిల్ నట్టు వదులు చేసి చూడటం వీటిలో ప్రాణాంతకం. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న సూది గాయంలా కనిపించినా లోపల కండ చచ్చిపోతుంది. అలా జరిగితే కట్టు కట్టి ఊరుకోకుండా వెంటనే ఆపరేషన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి వెళ్ళాలి.

స్కానర్ పెట్టగానే ‘పీ0087’ అని వస్తుంది. రైల్‌లో ఒత్తిడి తక్కువగా ఉందని దానర్థం, అంతే. పంపు మార్చమని అది చెప్పడం లేదు. మూసుకుపోయిన ఫిల్టర్, గాలి, నలిగిన పైపు, బలహీనమైన ఫీడ్ పంపు, రైల్ మీది వాల్వు, ఎక్కువ డీజిల్ వెనక్కి వదిలేస్తున్న ఒక్క ఇంజెక్టర్, వీటిలో ఏది చెడినా అదే కోడ్ వస్తుంది. అందరికంటే ఖరీదైన అనుమానితుణ్ణి ముందు పట్టుకోవడం ఎందుకు?

ఇంజెక్టర్ల మీద అనుమానం ఉంటే రిటర్న్ పరీక్ష చేయమని అడగండి. ప్రతి ఇంజెక్టర్ రిటర్న్ పైపుకూ ఒక చిన్న సీసా తగిలించి, కొద్దిసేపు ఇంజిన్ నడిపి, లేదా సెల్ఫ్ కొట్టి, ఏ సీసాలో ఎంత డీజిల్ పడిందో చూస్తారు. మూడు సీసాల్లో సమానంగా ఉండి నాలుగోది నిండిపోతే దోషి దొరికినట్టే. ఒక్కదాన్ని బెంచి మీద పరీక్ష చేయించి బాగు చేయించడానికీ, నాలుగూ కొత్తవి కొనడానికీ ఎంత తేడానో చెప్పక్కర్లేదు. విజయవాడ ఆటోనగర్‌కు బండి లాక్కెళ్ళేముందే ఈ పరీక్ష స్థానికంగా చేయించుకోవచ్చు.

బీఎస్6 లారీల్లో నీలం మూత ఉన్న రెండో ట్యాంకు సంగతి ఇంట్లో పిల్లలకు కూడా తెలిసి ఉండాలి. అందులో పోసేది యాడ్‌బ్లూ, అంటే 32.5 శాతం యూరియా కలిపిన శుద్ధ జలం. అది అయిపోతే బండి బలం తగ్గించేస్తుంది. కొన్ని కార్లు ఒకసారి ఆపితే మళ్ళీ స్టార్ట్ కానివ్వవు. అక్కడ పాడైంది ఏమీ ఉండదు. దాన్ని పొరపాటున డీజిల్ ట్యాంకులో పోస్తే మాత్రం తాళం కూడా తిప్పకూడదు. డీజిల్ కారులో పెట్రోలు పోసినా ఇదే నియమం. ఈ పంపులకు డీజిలే గ్రీజు, పెట్రోలుకు ఆ జారుడుతనం లేదు. ట్యాంకు ఖాళీ చేయిస్తే కొద్ది ఖర్చుతో పోతుంది. స్టార్ట్ చేస్తే ఇనుప రజను పంపు నుంచి ఇంజెక్టర్ల దాకా పాకుతుంది.

పెట్రోలు, గ్యాసు కార్లు

పెట్రోలు కారులో తాళం ‘ఆన్’ చేయగానే వెనక సీటు కింద నుంచి రెండు సెకన్లు సన్నగా ‘ఝుమ్’ అనే శబ్దం రావాలి. అది ట్యాంకులోని పంపు. శబ్దం లేకపోతే ఫ్యూజు, రిలే, ఆ తర్వాతే పంపు. ఎప్పుడూ రిజర్వులో నడిపేవాళ్ళ పంపులు త్వరగా పోతాయి, ఎందుకంటే ఆ మోటారును చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే. శబ్దం వస్తోంది, పెట్రోలు వాసన కూడా గుప్పున వస్తోందంటే ప్లగ్గులు తడిసిపోయి ఉంటాయి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొడితే చాలా కార్లలో ఇంజెక్టర్లు ఆగి, లోపల ఆరిపోతుంది. డ్యాష్‌బోర్డు మీద తాళం బొమ్మ మిణుకుమిణుకుమంటే కారు మీ చాబీని గుర్తు పట్టలేదు. రెండో చాబీతో ప్రయత్నించండి.

సీఎన్‌జీ కార్లు చాలావరకు ముందు పెట్రోలు మీద స్టార్ట్ అయి తర్వాత గ్యాసుకు మారతాయి. ‘గ్యాసు ఉందిగా’ అని పెట్రోలు ట్యాంకు ఎండగట్టేవాళ్ళకు పొద్దునపూట ఇబ్బంది వచ్చేది అందుకే. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది, అది నీటిని పీల్చుకునే గుణం కలది. కాబట్టి నెలల తరబడి అదే పెట్రోలును ట్యాంకులో ఉంచడం కూడా మంచిది కాదు.

మున్నేరు నీళ్ళు వచ్చినప్పుడు

2023 జూలై చివర్లో నందిగామ మండలం ఐతవరం దగ్గర మున్నేరు వరద హైవే మీదికి ఎక్కి హైదరాబాద్ రాకపోకలు ఆగిపోయాయి. 2024 సెప్టెంబర్ మొదట్లో మళ్ళీ అదే జరిగింది. వరద తగ్గాక బురద కడిగి, ‘ఒకసారి సెల్ఫ్ కొట్టి చూద్దాం’ అనుకోవడంతోనే చాలా ఇంజిన్లు పోతాయి. గాలి దారిలోంచి నీళ్ళు సిలిండర్‌లోకి చేరితే పిస్టన్ ఆ నీటిని నొక్కలేదు. కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నీళ్ళు సీటు దాకా ఎక్కిన బండిని స్టార్ట్ చేయకుండా బ్యాటరీ వైరు తీసి, ఫొటోలు తీసుకుని, ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పి, లాక్కునే తీసుకెళ్ళాలి. ఇంజిన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవరు లేని చాలా పాలసీల్లో నీళ్ళలో స్టార్ట్ చేయడం వల్ల పోయిన ఇంజిన్‌కు డబ్బు ఇవ్వరు. షెడ్డులో ప్లగ్గులు, లేదా ఇంజెక్టర్లు విప్పి, నీరు బయటికి పంపి, ఆయిల్ మార్చాకే ఇంజిన్ తిప్పాలి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ టీలాగా తెల్లబడి కనిపిస్తే లోపలికి నీరు చేరినట్టే.

వరద లేకపోయినా డీజిల్‌లోకి నీరు రావచ్చు. నీరు డీజిల్ కంటే బరువు, ట్యాంకు అడుగుకు దిగుతుంది. ఫిల్టర్ కింద ఉన్న డ్రెయిన్ స్క్రూ తిప్పి ఒక గాజు సీసాలో పట్టి అరగంట కదపకుండా ఉంచితే నీరు కింద, డీజిల్ పైన వేరుగా తేలతాయి. పొలం దగ్గర డ్రమ్ముల్లో నిల్వ పెట్టిన డీజిల్ వాడేవాళ్ళు ఈ సీసా పరీక్షను వానాకాలంలో అలవాటుగా చేసుకోవాలి. కొట్టించిన కొద్ది దూరంలోనే బండి ఆగి, సీసాలో నీరు తేలితే ఆ సీసా, బంకు బిల్లు రెండూ దాచి పెట్టండి. బంకులో డెన్సిటీ చూపించమనీ, కొలత మీద అనుమానముంటే 5 లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపించమనీ, పెట్రోలుకైతే ఫిల్టర్ పేపర్ పరీక్ష చేయమనీ అడిగే హక్కు ప్రతి కొనుగోలుదారుకూ ఉంది. అడిగితే గొడవ పెట్టుకున్నట్టు కాదు.

నోటితో లాగొద్దు

ట్యాంకు ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు, క్యాను నుంచి డీజిల్ తీయాల్సి వచ్చినప్పుడు పైపు నోట్లో పెట్టుకుని లాగడం మన షెడ్డుల్లో, లారీల దగ్గర ఇప్పటికీ మామూలే. పని నేర్చుకునే కుర్రాళ్ళ చేతే ఎక్కువగా ఈ పని చేయిస్తారు. మింగిన డీజిల్ కంటే ఊపిరితిత్తుల్లోకి పోయిన నాలుగు చుక్కలు చాలా ప్రమాదం. గంటల్లోనే దగ్గు, ఆయాసం, జ్వరం మొదలై న్యుమోనియాలా ముదురుతుంది. ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించడం పెద్దలు చెప్పే వైద్యం, కానీ వాంతితో పాటు అది మళ్ళీ ఊపిరితిత్తుల్లోకే పోతుంది కాబట్టి ఆ పని అసలు చేయకూడదు. నోరు కడిగించి, తడిసిన బట్టలు మార్చి, దగ్గు వస్తున్నా రాకపోయినా డాక్టరుకు చూపించాలి, తాగింది డీజిలో పెట్రోలో చెప్పాలి. చేత్తో నొక్కే సైఫన్ పంపు ఆటోమొబైల్ షాపుల్లో కొద్ది డబ్బుకే దొరుకుతుంది. షెడ్డుకు పంపే పిల్లవాడి సంచిలో పానాతో పాటు అదొకటి వేసి పంపండి.